చెవితో చూసిన సీరియళ్ళు

(తెనాలిలో గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక టైలరమ్మ మాట్లాడిన మాటలు, రికార్డింగ్ విని రాసుకున్నవి)

అందరికీ నమస్కారం అండి. బాబూ, మైకు కాస్త కిందికి దించు, నేను పొట్టిదాన్ని. ఆఁ, చాలు.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా ఈ వారోత్సవాలు జరుగుతాయి, పెద్దపెద్దవాళ్ళు వచ్చి పుస్తకాల గురించి చెప్తారు, నేనూ ఒకటి రెండుసార్లు వచ్చి వెనక కూర్చుని విన్నా. ఈసారి లైబ్రేరియన్ మేడమ్ నన్ను సీరియళ్ళ గురించి మాట్లాడమన్నారు. ఆవిడ మా షాపుకి జాకెట్లు కుట్టించుకోడానికి వస్తారు, వచ్చినప్పుడల్లా నా వాగుడు విని విని, ఆ వాగేదేదో నలుగురి ముందు వాగమని లాక్కొచ్చారు. ముందు వరసలో పెద్దాయన మొహం చిట్లించడం నాకు కనపడుతోందండి. (నవ్వులు) గ్రంథాలయంలో టీవీ సీరియళ్ళ గోలేంటి అనే కదా. మరి మీ రోజుల్లో వీక్లీ ఎప్పుడొస్తుందా అని బుక్ షాపు దగ్గర కాచుక్కూర్చోలేదా? యద్దనపూడి సీరియలో, యండమూరి సీరియలో వస్తుంటే ఇంట్లో ముందు ఎవరు చదవాలని కొట్టుకోలేదా? వారం వారం ఆ కాగితాలు చింపి దాచి, అయిపోయాక బైండు చేయించుకున్న ఇళ్ళు నాకు తెలుసు. మేమూ ఆ బాపతే. మా కాగితాలు గాల్లో కలిసిపోతాయి, అంతే తేడా.

నేను విమర్శకురాల్ని కాదు. ముప్ఫై ఏళ్ళుగా జాకెట్లు కుట్టుకుంటున్నదాన్ని. కాకపోతే సీరియళ్ళ గురించి నాకు ఒక సంగతి గట్టిగా తెలుసు, అది చెప్పడానికే ఒప్పుకున్నా. అదేంటంటే, నేను సీరియళ్ళు కళ్ళతో చూసింది తక్కువ, చెవులతో విన్నదే ఎక్కువ. నేననే కాదు, మీ ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా చాలామంది అంతే. సోఫాలో కూర్చుని పాప్ కార్న్ తింటూ సీరియల్ చూసే ఆడదాన్ని నేనైతే ఇంతవరకు చూళ్ళేదు. ఒకావిడ వంకాయలు తరుగుతుంటుంది, ఒకావిడ పిల్లాడికి అన్నం పెడుతుంటుంది, ఒకావిడ బట్టలు మడతపెడుతుంటుంది. టీవీ ఒక పక్కన మోగుతుంటుంది.

మా షాపంటే పెద్ద షాపేం కాదు, మా ఇంటి ముందు గదే. వీధి వైపు కిటికీ, వెలుతురు కోసం కిటికీ కిందే మెషిను పెట్టుకున్నా. టీవీ నా వీపు వెనక, కటింగు బల్ల పైన గోడకి ఉంటుంది. అంటే టీవీ చూడాలంటే మెషిను ఆపి, కుర్చీలో వెనక్కి తిరగాలి. పెళ్ళిళ్ళ సీజన్లో అది కుదిరే పని కాదు. చంక దగ్గర కుట్టు తిప్పేటప్పుడు కన్ను పక్కకి పోయిందంటే గుడ్డ ముడత పడుతుంది, ఇంకాస్త పరధ్యానంగా ఉంటే సూది వేలి మీదకొస్తుంది. కాబట్టి వినడమే. హెమ్మింగు, కాజాలు, హుక్కులు మాత్రం చేతిపని కదా, అవి ఉన్నప్పుడు టీవీ వైపు తిరిగి కూర్చుని కుట్టుకోవచ్చు. అందుకని రేపు ఎపిసోడ్లో పెద్ద గొడవ ఉందని ప్రోమో వేశారనుకోండి, ఆ టైముకి హుక్కుల పని దాచిపెట్టుకుంటా. (నవ్వులు) నవ్వకండి, నిజం. నాకు ఒక సీరియల్ బావుందా లేదా అన్నదానికి కొలత అదే. దానికోసం నేను మెషిను ఆపి తల తిప్పానా లేదా.

సీరియళ్ళని ఎగతాళి చేసేవాళ్ళు మొదట పట్టుకునేది ఆ జూములు. ఒకళ్ళు ఒక మాట అంటారు, ఇంట్లో ఉన్న పదిమంది మొహాలూ ఒకటి తర్వాత ఒకటి చూపిస్తారు, ఒక్కో మొహానికి ఒక్కో ఉరుము. మా చిన్నోడు ఫోన్లో వాటి మీద జోకులు వీడియోలు చూసి పడీ పడీ నవ్వుతాడు. నేనంటాను, ఒరేయ్, ఆ ఉరుము నీకోసం కాదురా, నాకోసం. ఐస్ బండివాడు గంట కొట్టినట్టు అది. వంటింట్లో ఉన్నదాన్ని, పెరట్లో ఉన్నదాన్ని, మెషిను మీద ఉన్నదాన్ని రమ్మని పిలవడం. స్టవ్వు సిమ్ములో పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడే దాకా ఆ పది మొహాలూ చూపిస్తూ ఉండాలి కదా మరి. మనం వచ్చాక అసలు మాట చెప్తారు.

అలాగే పిలుపులు. మామూలుగా ఇంట్లో మనం మాట మాటకీ పేరు పెట్టుకోం. సీరియల్లో "అది కాదు అత్తయ్యా, నేను చెప్పేది వినండి అత్తయ్యా" అంటూనే ఉంటారు. ఎందుకు? వినేవాళ్ళకి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియాలి. "ఉత్తరం తీసుకుని ఎక్కడికెళ్తున్నావ్" అని అడుగుతారు, చేతిలో ఉత్తరం ఉన్నట్టు మనకి కనపడుతూనే ఉంటుంది, అయినా నోటితో చెప్తారు. కూర్చుని చూసేవాడికి అది చాదస్తం. నాకు ఉపకారం.

ఇది కొత్తగా టీవీవాళ్ళు కనిపెట్టింది కూడా కాదండి. ఈ ప్రాంతంలో పుట్టిన మనందరం విజయవాడ రేడియో విని పెరిగినవాళ్ళమే. 1948లో మొదలైన కేంద్రం అది. ఆదివారం మధ్యాహ్నం నాటకం వస్తుంటే మా అమ్మ బియ్యం చేటలో పోసుకుని రేడియో పక్కన చేరేది. సంక్షిప్త శబ్దచిత్రం అని వచ్చేది, గుర్తుందా? (గుర్తుంది అని సభలోంచి కొందరు) ఆఁ! సినిమా మొత్తాన్ని గంటలోపు కుదించి వినిపించేవాళ్ళు. బొమ్మ లేకుండా సినిమా! ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు. మేం ఆ సినిమా హాల్లో చూడకపోయినా కథ, మాటలు అన్నీ మాకు వచ్చేసేవి. తలుపు చప్పుడు, చెప్పుల చప్పుడు, గ్లాసు కింద పడ్డ చప్పుడు, వాటితోనే ఒక ఇల్లు కట్టి చూపించేవాళ్ళు. సీరియల్ వాళ్ళు ఆ ఇంటికే బొమ్మలు తగిలించారని నాకు అనిపిస్తుంది.

ఇక నాకిష్టమైన సీరియళ్ళు. మొదటిది ఋతురాగాలు. (చప్పట్లు) చూశారా, ఇందాక మొహం చిట్లించిన పెద్దాయన కూడా కొట్టారు. దూరదర్శన్లో వచ్చింది, మంజులా నాయుడు గారి డైరెక్షన్. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి కానీ కేబుల్ కనెక్షన్ అన్ని ఇళ్ళల్లోనూ లేదు అప్పుడు, మా ఇంట్లో యాంటెన్నానే. దాని టైటిల్ పాటలో సునీత గొంతు ఉండేది, ఆవిడ అప్పటికి బాగా చిన్నపిల్ల. ఆ పాట మొదలైందంటే వీధిలో వరసగా ఇళ్ళల్లోంచి అదే పాట, ఒక ఇంట్లో వదిలేసిన చరణం ఇంకో ఇంట్లో అందుకున్నట్టు వినపడేది. నేను ఆ పాట వింటూ గుడ్డ మీద సుద్దతో గీతలు గీసుకునేదాన్ని. కథకి మూలం యద్దనపూడి నవల. ఇందాక చెప్పాను కదా, ఆ వీక్లీల వాళ్ళకీ మాకూ చుట్టరికం ఉందని.

ఆ సీరియల్లో మనుషులు మామూలు గొంతుతో మాట్లాడుకునేవాళ్ళు. కోపం వచ్చినా అరిచేవాళ్ళు కాదు. నా చెవికి అదే కొత్త. రేడియో నాటకాల్లో కూడా కొంచెం నాటకం గొంతు ఉండేది. ఇందులో మధ్యమధ్యలో ఎవరూ ఏమీ మాట్లాడకుండా ఊరుకునేవాళ్ళు, అప్పుడు నేను తల తిప్పి చూసేదాన్ని, ఏమైంది, కరెంటు పోయిందా అని. ఉరుముకి తిరగడం మామూలే. ఏ చప్పుడూ లేనందుకు తల తిప్పింది మంజుల గారి సీరియళ్ళలోనే.

ఆవిడవే తర్వాత జెమినీలో చక్రవాకం, మొగలిరేకులు. చక్రవాకం స్రవంతి కష్టాలకి ఏడవని ఆడది ఈ జిల్లాలో ఉందంటే నేను ఒప్పుకోను. అప్పటికి మోటారు మెషిను కొనుక్కున్నా, దాని చప్పుడు ఎక్కువ, టీవీ సౌండు కూడా పెంచాల్సొచ్చింది, పక్కింటివాళ్ళు వాళ్ళ టీవీ కట్టేసి మా టీవీ వినేవాళ్ళు. 2008లో మొదలైన మొగలిరేకులు 2013 దాకా నడిచింది. అందులో ఆర్కే నాయుడు వేషం వేసిన సాగర్ గారిని జనం ఇవాళ్టికీ ఆర్కే నాయుడనే పిలుస్తారు. పోలీసు బట్టల్లో ఆయన వస్తే మా షాపులో కొలతలు ఇస్తున్న అమ్మాయి చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయేది, దించమ్మా, టేపు జారిపోతోంది అనేదాన్ని. ఆ సీరియల్ చివర్లో కాస్త సాగదీశారు, ఎవరు ఎవరి కొడుకో ఎవరు ఎవరి అన్నో లెక్క తప్పిపోయింది. అయినా వదల్లేదు.

వాటికి కాస్త ముందే అరవం నుంచి వచ్చినవి ఉన్నాయి. రాధిక గారి పిన్ని, ఆ తర్వాత మెట్టెల సవ్వడి. అరవం మాటకి పెదాలు కదులుతుంటాయి, మనకి తెలుగు వినపడుతుంటుంది. చూసేవాళ్ళకి చిరాకు. నాకు ఏం బాధ? పెదాలు చూస్తే కదా! తర్వాత మా టీవీ ఛానల్లో చిన్నారి పెళ్ళికూతురు వచ్చింది, రాజస్థాన్ పల్లెటూళ్ళో బామ్మ శుభ్రమైన తెలుగులో మనవడి పెళ్ళాన్ని తిడుతుంటే ఆ బామ్మ మాకేమీ పరాయిదనిపించలేదు, ఈ బజారులో అలాంటి బామ్మలు నలుగురున్నారు. ఆనందిగా వేసిన అవికా గోర్ 2013లో తెలుగు సినిమాలో హీరోయిన్ గా వస్తే మా వీధివాళ్ళు సినిమా పేరు చెప్పరు, "ఆనంది సినిమా" కెళ్ళొచ్చామంటారు.

అమృతం సంగతి మాత్రం వేరు. దానికి నా కొలత పనికిరాదు, ఎందుకంటే అది వచ్చేటప్పుడు నేను అసలు మెషిను మీదే కూర్చోను. ఆదివారం రాత్రి, 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా, జెమినీలో. గుణ్ణం గంగరాజు గారు తీశారు. 313 ఎపిసోడ్లంట. చాలావరకు ఒక్కోటీ ఆ వారంతో అయిపోయే కథ. అమృతరావుకి ఒక ఐడియా వస్తుంది, ఆంజనేయులు వద్దంటాడు, తర్వాత వాడే ఇరుక్కుంటాడు, వాళ్ళ హోటల్లో పనిచేసే సర్వం ఏదో ఒకటి అని ఇంకాస్త చెడగొడతాడు, ఇంటి ఓనరు అప్పాజీ వచ్చి మీద పడతాడు. ఏడుపు లేదు, కుట్ర లేదు. డబ్బు సంపాదించాలని చూసి సంపాదించలేని ఇద్దరు మగాళ్ళు, అంతే. ఆంజనేయులు వేషం వేసిన గుండు హనుమంతరావు గారు 2018లో పోయారు. ఆయన మాట్లాడక్కర్లేదు, ఎదటివాడు మాట్లాడుతుంటే ఊరికే వింటుంటే చాలు, మొహం చూసి నవ్వొచ్చేది. అందుకే అది వినడానికి వీల్లేదు, చూడాల్సిందే.

అందులో ఇంకో చిత్రం. అమృతరావు వేషం ముగ్గురు వేశారు. శివాజీ రాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. మొహం మారింది, గొంతు మారింది, అయినా జనం ఒక్కరు కూడా ఛీ అనలేదు. ఎందుకా అని ఆలోచిస్తే నాకు తోచింది, పక్కన ఆంజనేయులు మారలేదు. ఆ పక్క గొంతు అదే ఉంది కాబట్టి ఇల్లు అదే ఇల్లులా ఉంది. మా పెద్దమ్మాయి అమెరికాలో ఉంటుంది, ఈరోజుకీ అన్నం తినేటప్పుడు యూట్యూబులో అమృతం పెట్టుకుంటుందట, వాళ్ళ పిల్లలకి తెలుగు అంతంతమాత్రమే గానీ టైటిల్ పాట మాత్రం మొత్తం వచ్చు.

గొంతు గురించి వచ్చింది కాబట్టి మా అత్తయ్య గురించి చెప్పాలి.

మా అత్తయ్యకి షుగరు ఎక్కువై చూపు పోయింది. ఒక కన్ను పూర్తిగా, రెండోదాంట్లో వెలుతురు ఒక్కటే తెలిసేది. చూపున్నప్పుడు సీరియళ్ళంటే మండిపడేది, పనీపాటా లేదా అని నన్ను తిట్టేది. చూపు పోయాక నా పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చునేది. నేను మెషిను మీద, ఆవిడ కుర్చీలో, ఇద్దరం టీవీకి వీపు పెట్టి సీరియల్ వినేవాళ్ళం. బయటివాళ్ళు వచ్చి చూస్తే పిచ్చివాళ్ళనుకునేవాళ్ళు.

ఒకరోజు ఒక సీరియల్ నడుస్తోంది, పేరెందుకులెండి, హఠాత్తుగా ఆవిడ "ఈ పిల్లెవరే కొత్తగా వచ్చింది?" అంది. నేను తిరిగి చూశా. ఎవరూ రాలేదు, రోజూ ఉండే కోడలే. "కొత్తవాళ్ళెవరూ లేరత్తయ్యా, మన కోడలు పిల్లే" అన్నా. "కాదే, ఇది ఆ పిల్ల కాదు, ఆ పిల్ల 'అండీ' అనేటప్పుడు చివర్లో కాస్త తగ్గుతుంది, ఇది లేపుతోంది" అంది. అప్పుడు నేను కూడా చెవిపెట్టి విన్నా. నిజమే. డబ్బింగు చెప్పే అమ్మాయి మారింది. మొహం చూసేవాళ్ళకి ఆ సంగతి తెలియనే లేదు. మా అత్తయ్యకి మాత్రం ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వేరే కోడలు వచ్చినట్టే. "పాతదే నయం, దీనికి పొగరు" అనేది. (నవ్వులు)

తర్వాత ఇంకో సీరియల్లో ఉల్టా జరిగింది. హీరోయిన్ మానేసింది, ఇక నుంచి ఈ పాత్రలో ఫలానా అని కింద అక్షరాలు వేసి కొత్త అమ్మాయిని పెట్టారు. డబ్బింగు గొంతు అదే. వీధి వీధంతా గోల, ఈ పిల్ల బాలేదు, ఆ పిల్లకున్న కళ లేదు అని. మా అత్తయ్యకి ఏ తేడా తెలియలేదు. నేనూ చెప్పలేదు. ఆవిడ లెక్కలో ఆ పిల్ల ఎక్కడికీ పోలేదు మరి.

మన సీరియళ్ళలో హీరోయిన్లు చాలామంది కన్నడం వాళ్ళు, మలయాళం వాళ్ళు. వాళ్ళ వెనక తెలుగు గొంతు ఇంకొకావిడది. వాళ్ళ ఫోటోలు పేపర్లో వస్తాయి, షాపు ఓపెనింగులకి పిలుస్తారు, వాళ్ళ చీరలు, జాకెట్లు కావాలని నా ప్రాణం తీస్తారు. ఏళ్ళ తరబడి మనల్ని ఏడిపించిన ఆ గొంతుగలావిడ కూరగాయల బజార్లో మన పక్కనే నిలబడి టమాటాలు ఏరుకుంటున్నా మనం గుర్తుపట్టం. నోరు తెరిచి బేరమాడితే గుర్తుపడతామేమో! పేర్లు వేస్తారండి, వెయ్యరని కాదు. ఎపిసోడ్ చివర్లో పరిగెత్తించేస్తారు, చత్వారం అద్దాలు పెట్టుకునే లోపల అయిపోతాయి. టీవీవాళ్ళు ఎవరైనా ఇది వింటే నాదొకటే మనవి, ఆ పేరు నేను చదివేంతసేపు ఉంచండి బాబూ.

కార్తీక దీపం గురించి చెప్పకపోతే మీరు నన్ను స్టేజీ దిగనివ్వరు. (చప్పట్లు) 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలైంది. దేశం మొత్తం మీద బాగా రేటింగ్ వచ్చిన సీరియళ్ళలో అదొకటి, గురువారం రేటింగులు వస్తే పేపర్లలో రాసేవాళ్ళు. రాత్రి ఏడున్నరకి. 2020లో ఐపీఎల్ కూడా ఏడున్నరకే పెట్టేసరికి రిమోటు కోసం ఇళ్ళల్లో జరిగిన యుద్ధాలు మీకు తెలియనివి కావు. వంటలక్క దీపగా ప్రేమీ విశ్వనాథ్, డాక్టర్ బాబుగా నిరుపమ్. మలయాళంలో వచ్చిన కథే అది, అక్కడ కూడా ఈ వేషం మొదట ఆవిడే వేసింది.

కథ మీద నాకు పేచీ ఉంది. ఆయన గుండె డాక్టరు. నీకు పిల్లలు పుట్టే యోగం లేదని, ఆయన మీద కన్నేసిన డాక్టరమ్మ మోనిత అబద్ధం చెప్తే నమ్మేసి పెళ్ళాన్ని అనుమానిస్తాడు. ఇద్దరు కవల ఆడపిల్లలు, శౌర్య ఒకచోట, హిమ ఒకచోట. ఇంకో ల్యాబుకి వెళ్ళి ఒక్క టెస్టు చేయించుకుంటే అయిపోయేదానికి ఏళ్ళు నడిపారు. మా షాపుకొచ్చే ఆశా కార్యకర్త ఒకామె రోజూ టీవీకేసి అరిచేది, "శాంపిల్ నాకియ్యండయ్యా నేను తీసుకెళ్తాను" అని. పదిహేను వందల పైచిలుకు ఎపిసోడ్లు. అయినా మెషిను ఆపి తల తిప్పానా అంటే, తిప్పాను. దీప గొంతులో ఒక విసుగు ఉండేది. మామూలుగా సీరియల్లో మంచి కోడలు ఏడుస్తుంది, బతిమాలుతుంది. దీప వంటలు చేసి డబ్బు సంపాదించుకుంటూ, డాక్టర్ బాబుని గౌరవంగా పిలుస్తూనే చురక అంటించేది. కష్టపడి అలిసిపోయిన ఆడదాని గొంతు అది. నాకు బాగా తెలిసిన గొంతు.

ఇక ఆ నలుపు. దీప నల్లగా ఉంటుందని కథ. నా వృత్తిలో రోజూ వినే మాట ఒకటుంది, "ఆంటీ, నా ఛాయకి ఈ రంగు నప్పుతుందా?" తెల్లపిల్లలు ఎవరూ అడగరు. ఒకమ్మాయి, ఇంటర్ చదువుతోంది, చామనఛాయ కంటే ఒక పిసరు తక్కువ, వాళ్ళ అక్క పెళ్ళికి పరికిణీ కుట్టించుకోడానికి వచ్చింది. వాళ్ళమ్మ బూడిదరంగు, గోధుమరంగు గుడ్డలు పట్టుకొచ్చింది. ఈ పిల్ల పసుపుపచ్చ కావాలని పట్టు. "వంటలక్క కట్టుకుంటే బావుండలా?" అంది. వాళ్ళమ్మకి నోట మాట లేదు. నేను లోపల ఎంత సంబరపడ్డానో! పసుపుపచ్చ పరికిణీ, అంచుకి ఎర్ర పైపింగు, మోచేతుల దాకా చేతులు, వెనక తాళ్ళకి ముత్యాలు. పైపింగు రెండుసార్లు విప్పి మళ్ళీ కుట్టా, ఎక్కడా ముడత రాకూడదని. ట్రయలుకి వచ్చింది, వేసుకుంది, అద్దంలో చూసుకుంది, నవ్వింది. పక్కన ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది, ఫోను చూపించి, "ఏయ్, వంటలక్క నిజంగా నల్లగా ఉండదే, తెల్లగానే ఉంటుంది, అది మేకప్ అంట" అంది. ఫోటోలో ప్రేమీ గారు తెల్లగా, చక్కగా ఉన్నారు. ఈ పిల్ల ఆ ఫోటో చాలాసేపు చూసింది. నవ్వు పోయింది. "అయితే నల్లగా ఉన్నవాళ్ళనే పెట్టొచ్చు కదా ఆంటీ" అని నన్నడిగింది, సీరియల్ తీసింది నేనే అయినట్టు.

నేనేం చెప్పనండి. రంగు పూసింది, గొంతు ఇంకొకరిది. పరికిణీ మాత్రం పట్టుకెళ్ళింది, పెళ్ళిలో వేసుకుంది కూడా, వాళ్ళమ్మ ఫోటో చూపించింది. కానీ ఆ ప్రశ్న కార్తీక దీపం తీసినవాళ్ళని ఎవరైనా అడిగారో లేదో, అడగాల్సిన ప్రశ్న అది. నలుపు మీద వివక్ష తప్పని చెప్పే కథకి నల్లటి పిల్లని తీసుకోడానికి మనసొప్పలేదంటే ఏమనాలి? సీరియల్ నాకు ఇష్టమే, ఇదీ నిజమే. రెండూ ఉంటాయి.

2020 మార్చిలో షూటింగులు ఆగిపోయాయి కదా. పాత ఎపిసోడ్లు మళ్ళీ వేశారు. పెళ్ళిళ్ళు లేవు, జాకెట్లు లేవు, నేను మాస్కులు కుట్టా. మాస్కు కుట్టడంలో ఏముంది, మూడు మడతలు, నాలుగు మూలలు, కళ్ళు మూసుకుని కుట్టొచ్చు, కాబట్టి మొదటిసారి టీవీ వైపు తిరిగి హాయిగా చూశా. అప్పుడు తెలిసింది, నేను ఇన్నాళ్ళూ వినేసినవాటిలో చాలా ఇళ్ళు ఒకటే సెట్టు, కర్టెన్లు మార్చారంతే! దూరదర్శన్ నేషనల్లో మార్చి 28 నుంచి రామాయణం మళ్ళీ వేశారు. మా అత్తయ్యకి హిందీ ముక్క రాదు. అయినా పొద్దున్నే స్నానం చేసి కుర్చీలో కూర్చుని వినేది, ఇప్పుడు కైక మాట్లాడుతోంది, ఇప్పుడు మంథర అని కరెక్టుగా చెప్పేది. జూన్లో షూటింగులు మొదలై దీప గొంతు కొత్త మాటలతో వినపడేసరికి "అమ్మయ్య, వచ్చింది" అంది. అదే ఏడాది చివర్లో ఆవిడ పోయింది.

2022లో దీపనీ డాక్టర్ బాబునీ కారు ప్రమాదంలో పంపించేసి పిల్లల్ని పెద్దవాళ్ళని చేసి కథ నడపబోయారు. జనం చూళ్ళేదు. కొన్నాళ్ళకి దీపని బతికించి తీసుకొచ్చారు. 2023 జనవరిలో ముగించారు. 2024లో అదే జంటతో, అవే పేర్లతో వేరే కథ మొదలుపెట్టారు. చూస్తున్నావా అంటే, వింటున్నా.

ఇంక నేను ఆపేస్తానండి. ఏమైనా అడగాలంటే అడగండి.

(సభలోంచి: ఇప్పుడు ఓటీటీలో వెబ్ సిరీస్ లు వస్తున్నాయి కదా, అవి చూడరా?)

మా చిన్నోడు పెట్టాడు ఒకటి. బావుందిరా అన్నా, నిజంగానే బాగా తీశారు. కానీ అందులో గుసగుసలు ఎక్కువ. చీకట్లో ఇద్దరు మనుషులు నోట్లో నోట్లో మాట్లాడుకుంటారు, కింద అక్షరాలు చదవాలి. జాకెట్టుకి ఒక చెయ్యి కుట్టడం పూర్తయ్యేసరికి ఎవరు ఎవర్ని చంపారో తెలియలేదు. కూర్చుని చూడటానికి టైమున్నవాళ్ళకి అవి. మెషిను అమ్మేశాక చూస్తా.

(సభలోంచి: మగవాళ్ళు సీరియళ్ళు చూడరంటారు, నిజమేనా?)

మా ఆయన్ని అడగండి, అదిగో, ఆ చివర కూర్చున్నారు. (నవ్వులు) వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటారు, సీరియలంటే ఆయనకి అసహ్యం. మొన్నామధ్య కరెంటు పోయి ఒక ఎపిసోడ్ తప్పిపోయింది, మర్నాడు మధ్యాహ్నం రిపీట్ వేస్తున్నారు, నేను బజారుకెళ్ళా. తిరిగొచ్చేసరికి కథంతా ఆయనే చెప్పారు, ఎవరు ఏమన్నారో మాట మాటా. చూశారా అంటే, "నేనెందుకు చూస్తాను, చెవిన పడింది" అన్నారు.

మైకు ఎవరికివ్వాలి, మేడమ్?